ఉమ్మి చూసి రోగం చెప్పొచ్చా? మన నోట్లోని ప్రోటీన్ల కథ

ఈరోజు ఎపిసోడ్ కొంచెం ఎంగిలి ఎపిసోడ్. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. ఈరోజు మనం మాట్లాడుకునేది ఉమ్మి గురించి.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో ముందు చెప్తాను. కొన్ని నెలల కిందట మా మేనత్త కొడుకు నాకు వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పంపించాడు. "ఇక సూదులు అక్కర్లేదు, కోతలు అక్కర్లేదు, ఒక్క చుక్క ఉమ్మితో క్యాన్సర్ తెలిసిపోతుంది" అని ఉంది అందులో. కింద బావ రాసిన మెసేజ్: "ఒరేయ్, ఇది వచ్చాక చేయించుకుంటాలే."

విషయం ఏంటంటే, బావకి 29 ఏళ్ళు. ఇంటర్ అప్పటి నుంచి ఖైనీ, వక్క ప్యాకెట్లు అలవాటు. ఈ మధ్య కారం తగిలితే నోరంతా మంట. మిర్చి బజ్జీ పక్కన పెట్టేసి ఉత్త పెరుగన్నం తింటున్నాడు. నోరు కూడా పూర్తిగా తెరుచుకోవట్లేదు. డెంటిస్ట్ చూసి, బుగ్గ లోపల నుంచి చిన్న ముక్క తీసి టెస్ట్‌కి పంపాలి, అంటే బయాప్సీ చెయ్యాలి అన్నారు. ఆ మాట విన్నాక మావాడు మళ్ళీ ఆ వీధిలోకే వెళ్ళలేదు. ఆ టైమ్‌లో ఈ ఫార్వర్డ్ దొరికింది. ఇంకేముంది, వాయిదా వెయ్యడానికి మంచి కారణం దొరికింది.

బావ పేరు చెప్పను. కానీ ఈ కథ చెప్పమని తనే అన్నాడు. మరి ఆ ఫార్వర్డ్ నిజమా, అబద్ధమా? సగం నిజం. ఏ సగం నిజమో, ఏ సగం కాదో, ఆ తేడా వల్ల మనకేం నష్టమో, అదే ఈరోజు ఎపిసోడ్.

ఉమ్మి అంటే ఉత్త నీళ్ళేనా?

మనకి ఉమ్మి అంటే లోకువ. ఎంగిలి అంటాం, ఛీ అంటాం. కానీ సూదిలోకి దారం ఎక్కకపోతే అమ్మ ఏం చేస్తుంది? దారం కొస నోట్లో పెట్టి తడి చేస్తుంది. షాపులో అంకుల్ నోట్ల కట్ట లెక్కపెట్టే ముందు వేలికి ఉమ్మి తడి చేసుకుంటాడు. కొత్తావకాయ జాడీ మూత తీస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే నోరు ఊరుతుంది.

అలా ఊరే లాలాజలం రోజుకి ఎంతో తెలుసా? దాదాపు అర లీటర్ నుంచి లీటరున్నర దాకా. అంటే పెద్ద వాటర్ బాటిల్ అంత ఉమ్మిని మనకి తెలియకుండానే తయారుచేసి, మనకి తెలియకుండానే మింగేస్తున్నాం.

ఇది తయారయ్యే ఫ్యాక్టరీలు మూడు జతలు. ఒక జత చెవుల ముందు, ఒకటి దవడ కింద, ఒకటి నాలుక కింద. గవదబిళ్ళలు వచ్చినప్పుడు చెవి దగ్గర ఉబ్బుతుంది చూశారా, అది ఈ మొదటి జత గ్రంథే. ఇవి కాకుండా పెదాల లోపల, బుగ్గల్లో, అంగిట్లో వందల కొద్దీ చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి.

లాలాజలంలో 99 శాతం నీళ్ళే. కథంతా మిగిలిన ఆ ఒక్క శాతంలో ఉంది. అందులో ఉప్పులుంటాయి, ప్రోటీన్లుంటాయి. ప్రోటీన్ అనగానే జిమ్‌లో షేక్ చేసుకుని తాగే పౌడర్ గుర్తొస్తుంది కదా. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. మన ఒంట్లో దాదాపు ప్రతి పనినీ చేసే కూలీలు, మేస్త్రీలు, కాపలావాళ్ళు అన్నీ ప్రోటీన్లే.

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఈరోజు భోజనం దగ్గర కూర కలపకుండా ఉత్త అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకోండి. మింగకుండా ఒక నిమిషం నమలండి. నెమ్మదిగా తియ్యగా అనిపిస్తుంది. చక్కెర ఎవరు వేశారు? మీ ఉమ్మే. అందులో అమైలేజ్ అనే ప్రోటీన్ ఉంది. అన్నంలోని పిండి పదార్థం పొడుగాటి గొలుసులా ఉంటుంది. అమైలేజ్ దాన్ని కత్తిరించి చిన్న చిన్న చక్కెర ముక్కలుగా చేస్తుంది. అంటే అన్నం అరగడం కడుపులో కాదు, నోట్లోనే మొదలవుతుంది.

ఇంకో ప్రోటీన్ లైసోజైమ్. ఇది బ్యాక్టీరియా గోడని పగలగొడుతుంది. దీన్ని 1922లో ప్రపంచానికి చెప్పింది ఎవరో తెలుసా? అలెగ్జాండర్ ఫ్లెమింగ్. అవును, పెన్సిలిన్ ఫ్లెమింగే. పెన్సిలిన్ 1928లో. దానికి ఆరేళ్ళ ముందే ముక్కు చీమిడిలో ఈ లైసోజైమ్‌ని పట్టుకున్నాడు. కన్నీళ్ళలో, ఉమ్మిలో కూడా ఇది ఉంటుంది. ఇవి కాక ఉమ్మిని జిగటగా ఉంచే మ్యూసిన్లు, క్రిములతో పోరాడే యాంటీబాడీలు, పళ్ళ మీద ఎనామిల్‌ని కాపాడేవి, ఇలా చాలా ఉన్నాయి.

మరి ఒంట్లో రోగం నోట్లోకి ఎలా తెలుస్తుంది?

చాలామందికి వచ్చే డౌట్ ఇది. రోగం ఎక్కడో ఒంట్లో ఉంటే ఉమ్మికి ఏం తెలుస్తుంది?

లాలాజల గ్రంథి చుట్టూ సన్నటి రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. ఉమ్మిలోకి వచ్చే నీరు ఆ రక్తం నుంచే వస్తుంది. దీన్ని మట్టి కుండలా ఊహించుకోండి. కుండలో నీళ్ళు పోస్తే కాసేపటికి బయట చెమ్మ పడుతుంది. అదే కుండలో బియ్యం పోస్తే ఒక్క గింజ కూడా బయటికి రాదు. అలాగే రక్తంలోని చిన్న అణువులు గ్రంథి గోడ దాటి ఉమ్మిలోకి తేలిగ్గా వస్తాయి. ప్రోటీన్లు పెద్దవి. వాటిలో చాలా వరకు అక్కడే ఆగిపోతాయి, కొద్దిగానే దాటుతాయి.

రెండో దారి చిగుళ్ళు. పంటికి, చిగురుకి మధ్య సన్నటి సందు ఉంటుంది. అక్కడ రక్తరసం లాంటి ద్రవం కొద్దికొద్దిగా ఊరుతూ ఉంటుంది. రక్తంలోని యాంటీబాడీలు నోట్లోకి వచ్చే ముఖ్యమైన దారి ఇదే.

మూడోది సూటి దారి. రోగం నోట్లోనే ఉంటే మధ్యలో గోడే లేదు. బుగ్గ మీదో నాలుక మీదో పుండు ఉంటే, అక్కడి కణాలు విడుదల చేసేవన్నీ నేరుగా ఉమ్మిలోనే కలుస్తాయి. అందుకే నోటి క్యాన్సర్ విషయంలో సైంటిస్టులకి ఉమ్మి మీద అంత ఆశ.

సరే, కొత్త ప్రోటీన్ ఏదో వచ్చిందని చెప్పాలంటే ముందు మామూలుగా ఏవి ఉంటాయో తెలియాలి కదా. ఊళ్ళోకి కొత్త మనిషి వచ్చాడని ఎవరు చెప్పగలరు? ఊరివాళ్ళందరూ తెలిసినవాడు. అందుకని అమెరికాలో మూడు పరిశోధక బృందాలు కలిసి ఆరోగ్యవంతుల లాలాజల గ్రంథుల నుంచి నమూనాలు తీసుకుని, ఉమ్మిలో ఉండే ప్రోటీన్ల జనాభా లెక్క తీశాయి. 2008లో లిస్ట్ బయటికి వచ్చింది. మొత్తం 1,166 ప్రోటీన్లు! వాటిలో కొన్ని రక్తంలో కూడా దొరికేవే. ఉమ్మి అంటే ఉత్త నీళ్ళు అనుకున్న మనకి ఇది పెద్ద షాకే.

వాటిని ఎలా పట్టుకుంటారు?

రెండు పద్ధతులు చెప్తాను, సింపుల్‌గా.

మొదటిది, ఏముందో తెలియనప్పుడు వెతికే పద్ధతి. ప్రోటీన్లని ఒక ఎంజైమ్‌తో చిన్న ముక్కలుగా కత్తిరిస్తారు. ఆ ముక్కలకి విద్యుత్ చార్జ్ ఎక్కించి మెషీన్‌లో ఎగరేసి, ఒక్కో ముక్క బరువు ఎంతో చూస్తారు. ముక్కల బరువులు చూసి, ఇవి ఫలానా ప్రోటీన్‌వి అని కంప్యూటర్ పోల్చి చెప్తుంది. దీన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీ అంటారు. ప్రోటీన్ లాంటి పెద్ద అణువుల్ని ఇలా తూచొచ్చని దారి చూపించిన జాన్ ఫెన్, కొయిచి తనాకాలకి 2002 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా దక్కింది. మెషీన్ ఖరీదైనది, నడపడానికి నిపుణులు కావాలి. అంటే ఇది ల్యాబ్ పని. మన వీధి చివర సెంటర్‌లో అయ్యే పని కాదు.

రెండోది, ఏం వెతకాలో ముందే తెలిసినప్పుడు వాడేది. ప్రెగ్నెన్సీ కిట్ చూసే ఉంటారు. కొవిడ్ టైమ్‌లో ఇంట్లో చేసుకున్న యాంటిజెన్ కిట్ కూడా అదే. పంచె కొస నీళ్ళలో తగిలితే తడి పైకి పాకుతుంది చూడండి, అలాగే నమూనా ఆ స్ట్రిప్ మీద పాకుతుంది. దారిలో ఒక గీత దగ్గర, మనకి కావాల్సిన ప్రోటీన్‌ని మాత్రమే పట్టుకునే అణువులు కాపు కాసి ఉంటాయి. ప్రోటీన్ దొరికితే అక్కడ రంగు గీత పడుతుంది. ఇంకో గీత కంట్రోల్ గీత. కిట్ సరిగా పనిచేసిందని చెప్పడానికి అన్నమాట. ఆ గీత రాలేదంటే టెస్ట్ చెల్లదు.

ఇప్పటికే పనిచేస్తున్న టెస్ట్: హెచ్‌ఐవీ

ఇప్పుడు ఫార్వర్డ్‌లోని నిజమైన సగం చూద్దాం. నోటి ద్రవంతో రోగం కనిపెట్టడం కల కాదు, ఆల్రెడీ జరుగుతోంది. అమెరికాలో ఆరాక్విక్ అనే హెచ్‌ఐవీ టెస్ట్‌ని నోటి ద్రవంతో చెయ్యడానికి 2004లోనే అక్కడి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 2012 జులైలో, ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కుని ఎవరికి వాళ్ళు ఇంట్లో చేసుకునే కిట్‌కీ ఓకే చెప్పింది. చిన్న పుల్ల లాంటి దాంతో పై చిగుళ్ళ మీద ఒకసారి, కింది చిగుళ్ళ మీద ఒకసారి తుడవాలి. దాన్ని ట్యూబ్‌లోని ద్రవంలో పెట్టాలి. 20 నిమిషాల తర్వాత గీతలు చూడాలి. అంతే. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్‌ఐవీకి ఇలాంటి సెల్ఫ్ టెస్టింగ్‌ని సిఫార్సు చేసింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. "అయితే ఉమ్మి ద్వారా హెచ్‌ఐవీ అంటుకుంటుందన్నమాట" అని ఎవరైనా అనుకుంటారేమో. కాదు, అంటుకోదు. ఈ టెస్ట్ వైరస్ కోసం వెతకదు. వైరస్‌ని ఎదుర్కోవడానికి మన శరీరం తయారుచేసిన యాంటీబాడీల కోసం వెతుకుతుంది. అవి ప్రోటీన్లు. వీధిలో పోలీసులు కనపడితే దొంగ మన పక్కనే నిలబడ్డాడని కాదు కదా. ఒకే ప్లేట్‌లో తిన్నా, ఎంగిలి గ్లాసులో నీళ్ళు తాగినా హెచ్‌ఐవీ రాదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ట్రయల్స్‌లో ఈ హోమ్ కిట్ ఎలా పనిచేసిందో ఎఫ్‌డీఏ చెప్పింది. నిజంగా హెచ్‌ఐవీ ఉన్న 12 మంది చేసుకుంటే, సుమారు ఒకరికి తప్పుగా "లేదు" అని చూపించొచ్చు. హెచ్‌ఐవీ లేని 5,000 మంది చేసుకుంటే, సుమారు ఒకరికి తప్పుగా "ఉంది" అని చూపించొచ్చు. పైగా ఇన్‌ఫెక్షన్ వచ్చిన వెంటనే యాంటీబాడీలు తయారవ్వవు. ఈ కిట్ విషయంలో మూడు నెలల దాకా పట్టొచ్చు. ఈలోపు చేసుకుంటే రోగం ఉన్నా కనపడకపోవచ్చు.

అందుకే రూల్ ఏంటంటే, పాజిటివ్ వస్తే అది తుది తీర్పు కాదు, ల్యాబ్‌లో రక్త పరీక్షతో నిర్ధారించుకోవాలి. నెగెటివ్ వచ్చినా, ఈ మధ్యే రిస్క్ జరిగి ఉంటే మళ్ళీ చేయించుకోవాలి. ఇంత బాగా పనిచేసే టెస్ట్‌కే ఇన్ని షరతులు ఉన్నాయి చూడండి.

మన దగ్గర విషయం కూడా చెప్పేస్తాను. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ఫ్రీ. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ సమ్మతి తీసుకోవాలి, వివరాలు గోప్యంగా ఉంచాలి. హెల్ప్‌లైన్ 1097. సేవ్ చేసుకోండి, మీకు కాకపోయినా ఫ్రెండ్ ఎవరికైనా పనికొస్తుంది.

క్యాన్సర్ దగ్గర చిక్కు ఎక్కడ?

"హెచ్‌ఐవీకి కుదిరినప్పుడు క్యాన్సర్‌కి ఎందుకు కుదరదు?" బావ నన్ను సరిగ్గా ఇదే అడిగాడు. మంచి ప్రశ్న.

హెచ్‌ఐవీ యాంటీబాడీ అనేది ఇన్‌ఫెక్షన్ లేని మనిషిలో మామూలుగా ఉండదు. ఉందా, లేదా, అంతే. క్యాన్సర్ అలా కాదు. అది బయటి నుంచి వచ్చిన క్రిమి కాదు, మన సొంత కణాలే దారి తప్పడం. అవి విడుదల చేసే ప్రోటీన్లు కూడా చాలా వరకు మనలో మామూలుగా ఉండేవే. కొంచెం ఎక్కువో తక్కువో అవుతాయి. ఇంట్లో దొంగని పట్టుకోవడం కష్టం అంటారు చూడండి, అదే సమస్య.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇంటర్‌ల్యూకిన్-8 అనే ప్రోటీన్ ఉంది. నోరు, గొంతు ప్రాంతంలో ఒక రకం క్యాన్సర్ ఉన్నవాళ్ళ ఉమ్మిలో ఇది ఎక్కువగా ఉందని 2004లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, లాస్ ఏంజెలెస్ పరిశోధకులు చూపించారు. అక్కడి డేవిడ్ వాంగ్ ఈ ఉమ్మి పరీక్షల రంగంలో బాగా పేరున్న సైంటిస్ట్. ఆ తర్వాత చాలామంది ఇదే దారిలో వెళ్ళారు. మంచిదే. కానీ ఈ ఇంటర్‌ల్యూకిన్-8 అసలు పని ఏంటి? ఒంట్లో ఎక్కడైనా వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే తెల్ల రక్తకణాల్ని "ఇటు రండి" అని పిలవడం. అంటే చిగుళ్ళ జబ్బు ఉన్నా ఇది పెరగొచ్చు. ఖైనీ, గుట్కా నమిలేవాళ్ళలో చిగుళ్ళ జబ్బులు మామూలే కదా. ఇప్పుడు చెప్పండి, పెరిగింది చిగుళ్ళ వల్లా, క్యాన్సర్ వల్లా? ఇంటి కప్పు మీద పొగ కనపడింది. అది వంట పొగో, ఇల్లు అంటుకున్న పొగో లోపలికి వెళ్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. ఇది ఊహ లెక్క, ఏ నిజమైన టెస్ట్‌దీ కాదు. ఒక ఉమ్మి టెస్ట్ ఉందనుకోండి. రోగం ఉన్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది. రోగం లేని 100 మందిలో 95 మందికి కరెక్ట్‌గా "లేదు" అంటుంది. వినడానికి సూపర్ కదా?

దీన్ని 10,000 మందికి చేశాం. వాళ్ళలో నిజంగా రోగం ఉన్నది 20 మందికి అనుకుందాం. ఆ 20లో 18 మంది దొరికారు, ఇద్దరు తప్పిపోయారు. రోగం లేనివాళ్ళు 9,980 మంది. వాళ్ళలో 5 శాతానికి తప్పుగా పాజిటివ్, అంటే 499 మంది. మొత్తం పాజిటివ్ రిపోర్టులు 517. అందులో నిజమైనవి 18 మాత్రమే! అంటే పాజిటివ్ వచ్చిన 100 మందిలో 96 మందికి పైగా రోగమే లేదు. కానీ వాళ్ళ ఇళ్ళల్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. ఇంకోపక్క ఆ తప్పిపోయిన ఇద్దరు "నాకేం లేదు" అని హాయిగా మళ్ళీ ప్యాకెట్ చింపుతారు. టెస్ట్ మంచిదా కాదా అనేది ఒక్క పర్సెంటేజీతో తేలదు. ఎవరికి చేస్తున్నాం, తర్వాత ఏం చేస్తాం అన్నది కూడా చూడాలి.

ఇంకా చిక్కులున్నాయి. ఉమ్మి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. నిద్రలో బాగా తగ్గిపోతుంది. ఇప్పుడే టీ తాగి వస్తే ఒకలా, దాహంగా ఉంటే ఒకలా ఉంటుంది. భయపడితే నోరు ఎండిపోతుంది. పైగా ఉమ్మిలో ఉండే ఎంజైములు, బ్యాక్టీరియా అక్కడున్న ప్రోటీన్లనే ముక్కలు చేసేస్తుంటాయి. అందుకే పరిశోధన కోసం నమూనా తీసేటప్పుడు ముందు కాసేపు ఏమీ తినొద్దు, తాగొద్దు అంటారు. తీసిన వెంటనే ఐస్ మీద పెడతారు. ఒక్క ప్రోటీన్‌ని నమ్ముకోకుండా నాలుగైదు కలిపి చూసే ప్రయత్నాలు అందుకే.

అయితే ఇదంతా వేస్టా?

అస్సలు కాదు. ఇలాంటి టెస్ట్ నిజంగా కుదిరితే ఎవరికి ఉపయోగమో ఆలోచించండి. సూది చూస్తే ఏడ్చే పిల్లలకి. నరం దొరకని ముసలివాళ్ళకి. హాస్పిటల్ దాకా రాలేని ఊళ్ళకి.

మన ఉత్తరాంధ్రనే తీసుకోండి. శ్రీకాకుళం, విశాఖ వైపు కొన్ని పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ళలో, చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసని నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్లు దశాబ్దాల నుంచి చెప్తున్నారు. ఆ అవ్వలు డెంటల్ కాలేజీకి రారు. గుమ్మం దగ్గరికి వచ్చిన ఆశా కార్యకర్త ట్యూబ్ ఇచ్చి "ఇందులో ఉమ్మమ్మా" అంటే మాత్రం ఇస్తారు. దాన్ని బట్టి ఎవరిని ముందు డాక్టర్ దగ్గరికి పంపాలో తెలిస్తే అదే పెద్ద సాయం.

మలేరియాలో కూడా ఇలాంటి ప్రయత్నం ఉంది. లక్షణాలు లేకుండా తిరిగే పిల్లల ఉమ్మిలో పరాన్నజీవి ప్రోటీన్ ఒకటి దొరికిందని 2019లో ఫ్లోరిడా యూనివర్సిటీ బృందం చెప్పింది. గుండెపోటు సమయంలో పెరిగే ప్రోటీన్లని ఉమ్మిలో చూసే పనీ జరుగుతోంది. కానీ ఒక్క మాట, ఛాతీ నొప్పి వస్తే ఉమ్మి టెస్ట్ అని కూర్చోకండి, 108కి ఫోన్ చెయ్యండి.

బయాప్సీ చెప్పేది, ఉమ్మి చెప్పలేనిది కూడా ఒకటి ఉంది. ఉమ్మిలో తేడా కనపడితే "ఏదో ఉంది" అని తెలుస్తుంది. ఎక్కడ ఉంది, ఎంత లోతుకి వెళ్ళింది, ఏ రకం కణాలు అన్నది ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితేనే తెలుస్తుంది. అంటే రేపు మంచి ఉమ్మి టెస్ట్ వచ్చినా, అది పాజిటివ్ అయితే డాక్టర్ చెప్పే తర్వాతి మాట ఏంటి? బయాప్సీ! బావ ఏ గుమ్మం నుంచి తప్పించుకుందామని ఎదురుచూశాడో, ఆ దారి చివర కూడా అదే గుమ్మం ఉంది.

ఫార్వర్డ్ వస్తే ఏం చూడాలి?

నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఇది కొనుక్కోగలిగే టెస్టా, ల్యాబ్‌లో నడుస్తున్న పరిశోధనా? రెండు, ఎంతమంది మీద చూశారు? 50 మంది మీద బాగా వచ్చింది 50,000 మంది మీద రాకపోవచ్చు. మూడు, రోగం లేనివాళ్ళలో ఎంతమందికి తప్పుగా పాజిటివ్ వస్తుందో చెప్పారా? నాలుగు, పాజిటివ్ వస్తే తర్వాత ఏం చెయ్యాలో చెప్పారా? ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే అది ఇంకా వార్తే, వైద్యం కాదు.

ఈలోపు మనం చెయ్యగలిగేది

ఉమ్మి టెస్ట్ కోసం ఆగక్కర్లేదు. మీ దగ్గర అద్దం, ఫోన్ టార్చ్ ఉన్నాయి, చాలు. నెలకోసారి చేతులు కడుక్కుని నోట్లో టార్చ్ వేసి చూసుకోండి. బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి. తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ ఉందా? రెండు వారాలు దాటినా మానని పుండు ఉందా? గడ్డలా తగులుతోందా? మింగడం కష్టంగా ఉందా? ఉంటే డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళండి.

ఇంకోటి, మూడు వేళ్ళ పరీక్ష. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు కలిపి నిలువుగా పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పెట్టండి. మామూలుగా పడతాయి. పట్టట్లేదు, పైగా వక్క నమిలే అలవాటుంది అంటే ఆలస్యం చెయ్యొద్దు. చాలామంది పొగాకు లేని వక్కే కదా అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కని కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి లిస్ట్‌లోనే పెట్టింది.

ఇంట్లో 30 ఏళ్ళు దాటినవాళ్ళకి నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో అడగండి. పొగాకు మానాలనుకునేవాళ్ళకి టోల్‌ఫ్రీ క్విట్‌లైన్ 1800 112 356.

చివరిగా బావ సంగతి. ఈ లెక్కలన్నీ చెప్పినా కదల్లేదు. చివరికి నేనే అడిగాను, "బావా, నీకు భయం సూదంటేనా, రిపోర్ట్ అంటేనా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రిపోర్టే రా" అన్నాడు. ఆ శనివారం ఇద్దరం కలిసి వెళ్ళాం. మత్తు సూది, చిన్న ముక్క, రెండు కుట్లు. నేను బయట తాగిన టీ చల్లారేలోపు అయిపోయింది. రిపోర్ట్ కోసం ఆగిన వారం రోజులు మాత్రం చాలా పొడుగ్గా అనిపించింది.

క్యాన్సర్ కాదు అని వచ్చింది. కానీ అటువైపు వెళ్ళే అవకాశం ఉన్న జబ్బు, వక్క వల్ల బుగ్గ లోపలి పొర గట్టిపడిపోవడం. గట్టిపడింది మళ్ళీ పూర్తిగా మామూలు కాదు, ముదరకుండా చూసుకోవాలి అన్నారు డాక్టర్. ప్యాకెట్లు మానేశాడు. మధ్యలో ఒకసారి మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ మానేశాడు, అది కూడా చెప్పమన్నాడు. చెకప్‌కి వెళ్తున్నాడు, నోరు తెరిచే ఎక్సర్‌సైజులు చేస్తున్నాడు. మూడు వేళ్ళు ఇంకా పట్టట్లేదు. రెండు పడుతున్నాయి.

ఉమ్మి టెస్ట్ వస్తే మంచిదే, మనమూ ఎదురుచూద్దాం. కానీ చూపించుకోవాల్సిన పుండుని అప్పటిదాకా దాచిపెట్టుకోవద్దు. ఈ వీడియో చూస్తున్నప్పుడు మీకు ఎవరైనా గుర్తొచ్చారా? లింక్ పంపి ఊరుకోకండి, ఫోన్ చేసి "ఎప్పుడు వెళ్దాం?" అని అడగండి. తోడు వెళ్ళండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అన్నం ముద్ద ప్రయోగం మాత్రం ఈ పూటే చెయ్యండి. ఉంటాను, బై.